పాలిష్ గ్రానైట్ స్లాబులు ఓడలో పగలకుండా చేరాలంటే: కంటైనర్ స్టఫింగ్ మొదటి నుంచి చివరిదాకా

గ్రానైట్‌ని పెళుసు సరుకు అంటే ఈ లైన్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. కొండ తవ్వి తెచ్చిన రాయి పగలడమేంటని వాళ్ల అనుమానం. రెండు సెంటీమీటర్ల మందాన కోసి అద్దంలా పాలిష్ పట్టిన పెద్ద స్లాబును ఒకసారి పడుకోబెట్టి, రెండు చివర్లా బెల్టులు వేసి ఎత్తి చూడండి. నడిమికి విరుగుతుంది. అదే స్లాబును అంచు మీద నిలబెడితే యార్డులో ఏడాది ఉన్నా ఏమీ కాదు. నిలబెట్టినదాన్ని ఓడ ఊపుకి కదలకుండా ఎలా బిగించాలన్నదే స్టఫింగ్, అంటే కంటైనర్ నింపే పనంతా.

ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వెళ్లే బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ స్లాబులను లెక్కలోకి తీసుకుని ఇది రాస్తున్నాను. ఫ్యాక్టరీ యార్డులోనే కంటైనర్ నింపి, దాదాపు 300 కిలోమీటర్లు రోడ్డు మీద చెన్నై పంపి, అక్కడ ఓడ ఎక్కించే సరుకు. పాలరాయి, గాజు పలకలు, పెద్ద టైళ్లు పంపేవాళ్లకి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. బరువుల లెక్క ఒక్కటి మార్చుకోవాలి.

1. ముందు కాగితం మీద లెక్క

ఇరవై అడుగుల కంటైనర్ లోపలి కొలతలు సుమారుగా 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, 2.39 మీటర్ల ఎత్తు. తలుపు దగ్గర ఎత్తు 2.28 మీటర్లే కాబట్టి బండిల్ (స్లాబులను నిలబెట్టి చెక్కతో బిగించిన కట్ట) ఎత్తుకి అదే హద్దు.

ఇప్పుడు ఒక స్లాబు తీసుకుందాం. పొడవు 280 సెంటీమీటర్లు, ఎత్తు 180, మందం 2. గెలాక్సీ రాయి క్యూబిక్ మీటరుకు దాదాపు 2.9 టన్నులు తూగుతుంది. అంటే స్లాబు ఒక్కటీ 290 కిలోల పైచిలుకు. ఎనిమిది స్లాబులకో బండిల్ కడితే 2.3 టన్నులు దాటుతుంది. పొడవునా ఒకదాని వెనక ఒకటి రెండు వరసలు, వరసకి పక్కపక్కన ఐదు బండిళ్లు, మొత్తం 80 స్లాబులు. రాయి 23.4 టన్నులు, కలపతో కలిపి 24.5 టన్నుల దాకా వస్తుంది. ఖాళీ కంటైనర్ బరువు రెండుంపావు టన్నులు కలిపినా చాలా కంటైనర్లకి ఉండే 30,480 కిలోల హద్దులో హాయిగా ఉంటాం.

ఇక్కడ ఆగి ఇంకో లెక్క చూడండి. ఆ 80 స్లాబుల్లో ఉన్న రాయి ఎనిమిది క్యూబిక్ మీటర్లు. కంటైనర్ లోపల 33 క్యూబిక్ మీటర్లు. బరువు ప్రకారం కంటైనర్ దాదాపు నిండింది, చోటు ప్రకారం నాలుగో వంతు కూడా నిండలేదు. బట్టలో మిర్చో పంపేవాళ్లకి చోటు సరిపోక తంటా. మనకి చోటు మిగిలిపోయి తంటా. నలభై అడుగుల కంటైనర్ మనకి దండగ అనేది కూడా ఇందుకే, దానికి మోసే బరువు పెద్దగా పెరగదు, ఖాళీ మాత్రం రెండింతలవుతుంది.

ఓడ మోస్తుంది కదా అని హద్దు దాకా నింపేయకండి. సరుకు దిగే దేశంలో రోడ్డు ఎంత ఒప్పుకుంటుందో ముందే కొనుగోలుదారుని అడగండి. అమెరికా జాతీయ రహదారుల మీద లారీతో కలిపి 80,000 పౌండ్లే, అంటే 36 టన్నుల పైచిలుకు. అక్కడ మామూలు ట్రెయిలర్ మీద మనం లెక్కేసిన సరుకంతా వెళ్లదు. ఎక్కువ పంపితే ఎక్కువ ఇరుసులున్న ట్రెయిలర్ కావాలి, దాని ఖర్చు మళ్లీ మన మీదికే వస్తుంది.

2. కంటైనర్ వచ్చాక వెంటనే సంతకం పెట్టొద్దు

లోపలికి వెళ్లి బయట నుంచి తలుపులు వేయించుకోండి. ఎక్కడైనా వెలుగు సూది మొనంత కనిపించినా ఆ కంటైనర్ వెనక్కే. నేల చెక్క మీద మడమతో తన్నుకుంటూ నడవండి, మెత్తగా అనిపించిన చోట కింద అడ్డ బీములు కూడా చూడాలి. బండిళ్ల బరువంతా కింది దుంగల ద్వారా నేలలో సన్నటి పట్టీల మీదే పడుతుంది కాబట్టి, పుచ్చిన నేల మన సరుకుకి అస్సలు పనికిరాదు. లాషింగ్ రింగులు (బెల్టులు కట్టే ఇనుప రింగులు) వంగాయా, పక్క గోడలు లోపలికో బయటికో ఉబ్బాయా, సేఫ్టీ ప్లేట్ మీద బరువు ఎంత రాసుంది, ఇవన్నీ ఫోటో తీసుకోండి.

3. కలప

పదిమందిలో తొమ్మిదిమంది పొదుపు చేసేది ఇక్కడే, నష్టపోయేదీ ఇక్కడే. మొదట్లో నేనూ నష్టపోయాను. తోటలో కొట్టి వారం కూడా కాని సుబాబుల్ పట్టెలు చవగ్గా వచ్చాయని వాటితోనే బండిళ్లు కట్టించాను. ఇక్కడ మేకులన్నీ ఉక్కులా బిగిశాయి. నెల రోజులకి అవతలి నుంచి ఫోటో వచ్చింది. చెక్క ఎండి కుంచించుకుపోయి, మేకు చుట్టూ అగ్గిపుల్ల దూరేంత సందు. బెల్టులు వదులై పూలదండల్లా వేలాడుతున్నాయి. చివరి బండిల్ ఒరిగి పదకొండు స్లాబులు చీలాయి. చవగ్గా కొన్న కలప వల్ల మిగిలింది ఒక్క స్లాబు ఖరీదు కూడా లేదు.

కాబట్టి జామాయిల్ అయినా, సుబాబుల్ అయినా, పైన్ అయినా బాగా ఎండిందే వాడండి. విదేశాలకి వెళ్లే చెక్క ప్యాకింగ్‌కి ఐఎస్‌పీఎం 15 నియమం ఉంది: చెక్క లోపలి నడిభాగం దాకా 56 డిగ్రీల వేడిని ఆగకుండా 30 నిమిషాలు చూపించాలి, లేదా నియమంలో ఒప్పుకున్న మరో శుద్ధి చేయించాలి. గోధుమ కంకి గుర్తున్న ముద్ర ప్రతి బండిల్ మీదా కనిపించాలి. బెరడు తీసి ఉండాలి. బండిల్ చెక్కకి ముద్ర ఉంటే చాలనుకుంటారు చాలామంది. లోపల ఊతగా కొట్టే ముక్కలకీ ముద్ర ఉండాల్సిందే. చివరి నిమిషంలో యార్డులో దొరికిన ముక్క ఏదో తెచ్చి కొట్టేస్తే, ఆ ఒక్క ముక్క వల్ల కంటైనర్ అంతా అవతలి రేవులో ఆగిపోవచ్చు. ముద్ర పడ్డంత మాత్రాన కలప ఎండినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. అది పురుగుకి చేసిన శుద్ధి. తేమ వేరుగా చూసుకోవాలి.

4. బండిల్ కట్టడం

ముందు స్లాబులను ఏరండి. ఒక బండిల్‌లో ఒకే కొలత ఉండాలి, పొడవైనది బయటికి పొడుచుకు వస్తే మొదటి దెబ్బ దానికే. పాలిష్ ముఖం పాలిష్ ముఖానికి ఎదురుగా, మధ్యలో ప్లాస్టిక్ షీటు. వీపుకి వీపు. చెక్క తగిలేది ఎప్పుడూ వీపుకే. రెండు ముఖాల మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కినా నెల రోజుల ప్రయాణంలో అది అక్కడే అరగదీస్తూ ఉంటుంది, అందుకే షీటు వేసే ముందు గుడ్డతో తుడవడం తప్పనిసరి. సన్నటి వెంట్రుక గీత ఉన్న స్లాబుకి వీపున ఫైబర్ మెష్ అంటించి బండిల్ మధ్యలో పెట్టండి.

కింద రెండు మూడు అడ్డ దుంగలు, వాటి మీద పలచటి రబ్బరు. రాయి నేరుగా దుంగ మీద కూర్చోకూడదు. రెండు పక్కలా నిలువు పట్టెలు, అవి కింది దుంగకీ పై పట్టెకీ బిగిసి ఉండాలి. మేకుల కంటే మర ఉన్న ఇనుప కడ్డీ, నట్టు వాడటం నాకు నయమనిపిస్తుంది, ఎందుకంటే లోడింగ్ రోజు ఉదయం మళ్లీ ఒకసారి బిగించుకోవచ్చు. బెల్టు వేసేచోట అంచుకి మూల రక్షణ ముక్క పెట్టాలి. లేతరంగు రాళ్లకి ఇనుప పట్టీ వాడొద్దు, తుప్పు నీరు దిగితే మరక పోదు. తడి చెక్క కూడా లేత రాయి మీద పసుపు మచ్చ వేస్తుంది. గెలాక్సీ నలుపు కాబట్టి ఈ పాపాలన్నీ కనపడవు, అదొక అదృష్టం.

ఎత్తే బెల్టులను బండిల్‌తోనే పంపేయండి. అవతల దించేవాడికి అవి లేకపోతే ఏ గొలుసో చుట్టి లాగుతాడు.

5. లోపల పెట్టడం

క్రేన్‌కి పొడవాటి చెయ్యిలాంటి లోడింగ్ బీము తగిలించి, తలుపులోంచి లోపలి గోడ దాకా బండిల్‌ను తీసుకెళ్లాలి. స్లాబుల పొడవు కంటైనర్ పొడవు వెంబడే ఉండాలి. అడ్డంగా పెట్టే ఆలోచనే వద్దు.

కంటైనర్ పొడవులో సగభాగంలో మొత్తం సరుకులో 60 శాతం మించి ఉండకూడదన్నది పాత సూత్రం. రెండు వరసల్లో ఐదేసి బండిళ్లు పెడితే ఇది దానంతటదే కుదురుతుంది. పది కాకుండా తొమ్మిది బండిళ్లే ఉన్నప్పుడు తొమ్మిదోది ఎటు పెట్టాలో ముందే గీసుకోండి. వెడల్పులో అన్నీ నడిమధ్యకే రావాలి. ఒక గోడకి ఆనించి, రెండో వైపంతా ఖాళీ వదిలితే కంటైనర్ ఎత్తేటప్పుడే ఒరుగుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బండిల్ గాల్లో ఉన్నప్పుడు, లేదా నిలబెట్టి ఇంకా కట్టనప్పుడు, దానికీ గోడకీ మధ్య మనిషి ఉండకూడదు. రెండు టన్నులు ఒరుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టాలని శరీరం దానంతటదే కదులుతుంది. ఆ చేతితో ఆపగలిగేది ఏమీ ఉండదు. బండిల్‌ను తాడుతో దూరం నుంచి తిప్పాలి. క్రేన్ కొక్కెం తీసేలోపే పైన తాత్కాలికంగా ఒక పట్టె కొట్టేయాలి.

6. ఊతలు: అసలు పని

కంటైనర్లూ ట్రెయిలర్లూ ఎలా నింపాలో చెప్పే సీటీయూ కోడ్ అని ఒకటి ఉంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం కలిసి 2014లో తెచ్చాయి. అందులోని రెండు మూడు అంకెలు మన పనికి ప్రాణం.

ఓడలో సరుకు మీద పక్కకి పడే తోపు, అలల తీవ్రతను బట్టి, సరుకు బరువుకి 0.5 నుంచి 0.8 వంతు దాకా ఉంటుందని లెక్క కట్టాలి. ఉత్తర అట్లాంటిక్ దాటాలంటే 0.8 తీసుకోవాలి. పొడవు వైపు ఓడలో 0.3, 0.4 మాత్రమే. కానీ లారీ బ్రేకు వేసినప్పుడు ముందుకి 0.8. పక్కకి తోసేది సముద్రం, ముందుకి తోసేది చెన్నై రోడ్డు. రెండు దిక్కులకీ సిద్ధపడాలి.

ఒంటరి బండిల్ సంగతి చూద్దాం. దాని అడుగుభాగం వెడల్పు 26 సెంటీమీటర్లు. బరువు కేంద్రం నేల నుంచి మీటరు పైన. సగం వెడల్పుని ఆ ఎత్తుతో భాగిస్తే 0.13. అంటే బరువులో 13 శాతం తోపు వస్తే చాలు పడిపోతుంది. ఓడ దాకా పోనక్కర్లేదు, రోడ్డు మలుపు చాలు. ఇప్పుడు వరసలోని ఐదు బండిళ్లను సందు లేకుండా చేర్చి, పైనా కిందా అడ్డ పట్టెలతో ఒక్క ముద్దగా కట్టేయండి. అడుగు వెడల్పు 1.3 మీటర్లు దాటింది. అదే భాగహారం ఇప్పుడు 0.65 దగ్గర తేలుతుంది. గోడ ఊత ఇంకా పెట్టకుండానే బలం ఐదు రెట్లు పెరిగింది. అందుకే నేను ముందు బండిళ్లను ఒకదానితో ఒకటి కట్టిస్తాను, తర్వాతే గోడల వైపు చూస్తాను. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు. ఒక్కో బండిల్‌ను విడిగా గోడకి తన్ని పెడతారు, మధ్యలో సందులు వదిలేస్తారు.

సందు గురించి కోడ్ చెప్పేది ఇది: ఏ దిక్కున చూసినా మొత్తం ఖాళీ 15 సెంటీమీటర్లు మించకూడదు. ఉక్కు, కాంక్రీటు, రాయి లాంటి గట్టి సరుకుల మధ్య ఇంకా తగ్గించాలి. కారణం తేలికే. ఓడ పదిహేను సెకన్లకోసారి అటూ ఇటూ ఊగిందనుకుంటే రోజుకి ఐదు వేల పైన ఊపులు. రెండు సెంటీమీటర్ల సందున్నా రోజుకి అన్నిసార్లు తగిలించుకుంటూ పోతుంది. మొదటి రోజు ఏమీ కాదు, పదో రోజు మేకు వదులవుతుంది, ఇరవయ్యో రోజు ఊత జారుతుంది.

వెయ్యేళ్ల కిందటి వాళ్లకీ ఇది తెలుసు. ఇండోనేషియాలో బెలిటుంగ్ దీవి దగ్గర 1998లో దొరికిన తొమ్మిదో శతాబ్దపు ఓడలో చైనా గిన్నెలు పెద్ద పెద్ద జాడీల్లో సుడి తిరిగినట్టు ఒకదాని పక్కన ఒకటి ఒత్తి పేర్చి ఉన్నాయి. ఒక్కో జాడీలో వందకు పైగా పట్టేవట. ఓడ మునిగిపోయినా గిన్నెలు వేల సంఖ్యలో చెక్కుచెదరలేదు. సింగపూర్ వెళ్తే ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

ఇక జారుడు. ఎండు చెక్క కంటైనర్ నేలను పట్టుకునే శక్తి బరువులో 0.45 వంతు. తోపు 0.8 అయితే మిగిలిన 0.35 వంతు, అంటే మన 24.5 టన్నుల్లో దాదాపు 8.6 టన్నుల తోపును ఊతలే ఆపాలి. దుంగల కింద జారకుండా ఉండే రబ్బరు మ్యాట్ వేస్తే పట్టు 0.6కి పెరుగుతుంది, ఊతల మీద పడేది ఐదు టన్నుల లోపుకి దిగుతుంది. కొన్ని వందల రూపాయల రబ్బరు చేసే పని ఇది. లాషింగ్ బెల్టుల మీదే ఆధారపడేవాళ్లకి ఇంకో అంకె: కంటైనర్ నేల దగ్గరి రింగు ఒక్కోటి మోస్తుందని నమ్మగలిగేది ఒక టన్నే, పైదైతే అర టన్ను. బెల్టు మీద ఐదు టన్నులని రాసున్నా రింగు అంత మోయదు.

ఊతలు కొట్టే వరస ఇలా ఉంటుంది. కింద, బండిల్ దుంగలకీ పక్క గోడ అడుగున ఉండే ఇనుప పట్టీకీ మధ్య సరిగ్గా కొలిచి కోసిన దుంగలు. ఆ అడుగు పట్టీ కంటైనర్‌లో బలమైన చోటు, జారుడు భారం దానికే ఇవ్వాలి. పైన, స్లాబుల ఎత్తులో ముప్పాతిక దగ్గర, గోడ పొడవునా ఒక దూలం పెట్టి, ఆ దూలానికీ బండిల్ నిలువు పట్టెలకీ మధ్య అడ్డ ఊతలు. ఊతను నేరుగా గోడ రేకు మీద తన్నించొద్దు. పక్క గోడ సరుకు బరువులో 60 శాతం ఆపగలదు, కానీ అది గోడంతా సమంగా పరుచుకున్నప్పుడే. ఒక్కచోట పొడిస్తే రేకు ఉబ్బి ఊత ఊడిపోతుంది. ఊత తగిలేది ఎప్పుడూ చెక్క పట్టెకే. రాతి ముఖానికి తగిలితే అక్కడే చిల్లు. ఊతల కింద నిలువు కాళ్లు కూడా కొట్టండి. కాలు లేని ఊత వదులైన మరుక్షణం కింద పడుతుంది.

పొడవు వైపు మన కొలతల్లో 30 సెంటీమీటర్లు మిగిలాయి. లోపలి గోడ దగ్గర, రెండు వరసల మధ్య, తలుపు దగ్గర దాన్ని చెక్కతో పూర్తిగా నింపాలి. తలుపు మీద భారం వేయకూడదు. తలుపు పక్క స్తంభాల్లో నిలువు గాడి ఉంటుంది, అందులో అడ్డ పట్టెలు దూర్చి వరసను ఆపాలి. తలుపు తెరిచినప్పుడు సరుకు మనిషి మీద పడకుండా ఉండేది కూడా ఆ అడ్డ పట్టెల వల్లే.

పని అయ్యాక ఒక్కో ఊతను సుత్తితో తట్టి వినండి. బిగిసినది టంగుమంటుంది, వదులుది డబ్బుమంటుంది. డబ్బుమన్నచోట చీలిక ముక్క కొట్టండి.

7. ఫోటో, తూకం, సీలు

ఖాళీ కంటైనర్, మొదటి వరస, రెండో వరస, ఊతలు, తలుపు దగ్గరి పట్టెలు, సగం మూసిన తలుపు, సీలు నంబరు. ఏడెనిమిది ఫోటోలు చాలు, తేదీతో. బీమా ఎంత పెద్దదైనా, ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల్లో (సరుకు బీమాకి వాడే షరతుల్లో) అన్నింటికంటే విస్తారమైన 'ఏ' రకం కూడా ప్యాకింగ్ సరిగ్గా లేకపోతే నష్టం ఇవ్వదు. మనం మన యార్డులో కంటైనర్ నింపితే ఆ సర్దుడు కూడా ప్యాకింగ్ కిందికే వస్తుంది. ఆ ఫోటోలే మన సాక్ష్యం.

నింపిన కంటైనర్ అసలు బరువు చెప్పకుండా ఓడ ఎక్కించుకోరు. 2016 జులై 1 నుంచి ఇది ప్రపంచమంతా అమల్లో ఉంది. తూకం మీద వేసి చెప్పండి, స్లాబుల అంచనా లెక్కతో రాసేయకండి. ఓడలో ఏ కంటైనర్ కింద, ఏది పైన అన్నది ఈ అంకె చూసే తేలుస్తారు. 2007లో ఇంగ్లండ్ తీరంలో ఒడ్డుకెక్కిన ఎంఎస్‌సీ నాపొలి మీద డెక్ కంటైనర్లను తూచి చూస్తే, వాటిలో అయిదో వంతుకి చెప్పిన బరువుకీ అసలు బరువుకీ మూడు టన్నుల పైన తేడా ఉంది. మనం తేలికని రాస్తే మన 27 టన్నుల పెట్టెను ఎక్కడో పై అంతస్తులో పెడతారు, అక్కడే ఊపు ఎక్కువ. నిజం రాస్తే కిందికి వెళ్తుంది. పెళుసు సరుకుకి అంతకంటే మంచి చోటు లేదు.

8. దించేవాళ్లకి ఒక కాగితం

తలుపు లోపలి వైపు, తెరవగానే కనపడేలా, బొమ్మతో సహా ఒక కాగితం అంటించండి. ఏ ఊత ముందు తీయాలి, ఏది చివర, ఒక్కో బండిల్ బరువెంత, బెల్టులు ఎక్కడున్నాయి. అన్ని ఊతలూ ఒకేసారి పీకేస్తే మిగిలిన బండిళ్లు నిలబడవని పెద్ద అక్షరాల్లో రాయండి. తలుపు వైపు వరసలో ఒక బండిల్‌ను క్రేన్ పట్టుకున్నాకే దాని ఊత తీయాలి. దాని పక్కవాటిని మళ్లీ తాత్కాలికంగా కట్టి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లాలి. కాగితం ఇంగ్లిషులో ఒకటి, దించే దేశం భాషలో ఇంకొకటి ఉండాలి. ఆ రెండోది రాసిమ్మని ఆర్డరు తీసుకునే రోజునే కొనుగోలుదారుని అడిగి పెట్టుకోండి, లోడింగ్ రోజు అడిగితే రాదు.